నడకనూ నిద్రనూ లెక్కపెట్టే బ్యాండు: ఎం.ఎస్. ఉన్న మనిషి చేతికి ఏడు నెలలు

గడిచిన ఏప్రిల్ చివరి వారంలో విజయనగరం మెయిన్ రోడ్డులో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో 2,300 రూపాయలు పెట్టి, అడుగులనూ నిద్రనూ లెక్కపెట్టే చేతి బ్యాండు ఒకటి కొన్నాను. ఇలాంటి వస్తువుల మీద తెలుగులో కనబడే సమీక్షలు దాదాపు అన్నీ పొద్దున్నే పరుగెత్తేవారో, పొట్ట తగ్గించుకోవాలనుకునేవారో రాసినవే. నేను పరుగెత్తలేను. తొమ్మిదేళ్లుగా నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉంది. దూరం ఎక్కువైతే కుడి పాదం ఈడుస్తుంది, చేతిలో కర్ర ఉంటుంది, రాత్రి నిద్ర ముక్కలవుతుంది. అడుగు తూలే, నిద్ర తెగే మనిషికి ఈ వస్తువు ఏ మాత్రం పనికొస్తుందన్నదే ఈ సమీక్షలో నేను చూసిన విషయం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే బ్యాండ్ల లోపలి సరంజామా దాదాపు ఒకటే కాబట్టి, నేను చెప్పేవాటిలో చాలా మటుకు మీరు కొనబోయే దానికీ వర్తిస్తాయి.

జబ్బు గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల పోగుల చుట్టూ ఉండే మైలిన్ అనే పొర మీద పడి దెబ్బతీయడం ఎం.ఎస్. పారిస్ వైద్యుడు షార్కో 1868లోనే దీని లక్షణాలను స్పష్టంగా వర్ణించాడు. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ, సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. నాకు 34వ ఏట కుడి కన్ను మసకబారడంతో మొదలైంది. ఏ నరం దెబ్బతింటే ఆ పని దెబ్బతింటుంది కనుక ఏ ఇద్దరి ఎం.ఎస్. ఒకలా ఉండదు, ఒకరికి చూపు, ఒకరికి నడక, ఒకరికి మూత్రం మీద అదుపు. ఎక్కువమందికి ఉమ్మడిగా ఉండేది అలసట. ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా అది ఉంటుందంటారు.

ఈ అలసటకు తెలుగులో సరైన మాట నాకింతవరకు దొరకలేదు. నీరసం అంటే గ్లూకోజు నీళ్లు కలిపి ఇస్తారు, బద్ధకం అంటే చీవాట్లు పెడతారు. మా అత్తగారు మంచి మనిషే; కానీ ప్రతి పొద్దునా కాఫీ గ్లాసు చేతికిస్తూ ఒకటే అడిగేవారు: "రాత్రి తొమ్మిదిన్నరకే పడుకున్నావు కదమ్మా, ఇంకా నీరసమేటి?" నా దగ్గర జవాబు ఉండేది కాదు. నేను నిజంగా ఎంతసేపు నిద్రపోతున్నానో నాకూ తెలియదు. నడుస్తున్నది ఎంతో కూడా తెలియదు, మూడు నెలలకోసారి విశాఖపట్నం వెళ్లినప్పుడు న్యూరాలజిస్టు "రోజూ ఎంత నడుస్తున్నారు?" అని అడిగితే "పర్వాలేదండీ, బాగానే" అని చెప్పి వచ్చేదాన్ని. ఈ రెండు ప్రశ్నలకు జవాబు కోసమే కొన్నాను తప్ప సరదాకు కాదు.

వస్తువు చూడటానికి బాగుంది. నల్ల రబ్బరు పట్టీ, చింతగింజ కంటే కాస్త పెద్ద అక్షరాలు, అడుగున మణికట్టును తాకే చోట ఆకుపచ్చ వెలుగు. ఆ వెలుగు చర్మం కింద పారే రక్తంలో హెచ్చుతగ్గులు చూసి నాడి లెక్కపెడుతుంది. లోపల యాక్సెలెరోమీటర్ అనే చిన్న పరికరం చేయి ఎటు, ఎంత జోరుగా కదిలిందో మూడు దిశల్లో కొలుస్తుంది. నడక, నిద్రల విషయంలో ఈ రెండు తప్ప మన గురించి దానికి ఇంకేమీ తెలియదు. అడుగులైనా, నిద్రైనా, "గాఢ నిద్ర" అయినా, ఫోనులో కనబడే అంకె ఈ రెంటి నుంచి కట్టిన అంచనాయే. ఇది మనసులో పెట్టుకుంటే దాని తప్పులూ ఒప్పులూ చాలావరకు అర్థమవుతాయి.

ముందు అడుగుల సంగతి. మే నెలలో మా కాలేజీకి సెలవులు కనుక తీరిగ్గా పరీక్ష పెట్టాను. డాబా మీద ఈ కొస నుంచి ఆ కొసకు నేను నోటితో లెక్కపెట్టుకుంటూ 100 అడుగులు వేయడం, మా అమ్మాయి బ్యాండు చూసి పుస్తకంలో రాయడం. పొద్దున కర్ర లేకుండా, ఊగే ఎడమ చేతికి పెట్టుకుని నడిస్తే 97 చూపింది. అదే పొద్దున కర్ర పట్టిన కుడి చేతికి పెడితే 71. సాయంత్రం, పాదం ఈడుస్తున్న వేళ, కర్ర చేతికి 52. పిట్టగోడ పట్టుకుని నడిచినప్పుడు 38. చేయి లయగా ఊగితేనే అది అడుగు కింద జమకడుతుంది. మెల్లని నడకలో, కర్ర మీద బరువు మోపిన చేతిలో, ఆ ఊపు ఉండదు కాబట్టి మామూలు కదలిక అనుకుని వదిలేస్తుంది. నాకు ప్రాణం మీదికి వచ్చిన అడుగులనే అది లెక్కలోంచి కొట్టేసిందన్నమాట. ఆ 38 చూసి మా అమ్మాయి నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు.

తర్వాత బ్యాండును చీలమండ దగ్గర మేజోడులో దోపి చూశాము. ఈడ్చే నడకలో కూడా 93 వచ్చింది. మెల్లగా నడిచేవారి విషయంలో మణికట్టు కంటే చీలమండ నయమని పరిశోధకులు కూడా చెప్పే మాటే. కర్రతోనో, వాకర్‌తోనో నడిచేవారు బ్యాండు కొంటే మొదటి రోజే ఈ 100 అడుగుల పరీక్ష చేసుకోవాలి. దానికి ఖర్చు ఒక పెన్సిలు, ఒక కాగితం. ఇక వేయని అడుగుల మాట కూడా చెప్పాలి. రోట్లో గోంగూర పచ్చడి నూరితే 160 అడుగులు నడిచినట్టు చూపింది. మావారి స్కూటరు వెనక కూర్చుని కోట దగ్గర నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వెళితే మరో 200. పచ్చడి నూరడం వ్యాయామం కాదని నేననను, కానీ అది నడక మాత్రం కాదు.

పెట్టెలోంచి తీయగానే బ్యాండు తనంతట తాను పెట్టుకున్న లక్ష్యం రోజుకు 10,000 అడుగులు. ఈ అంకె ఏ వైద్యుడూ నిర్ణయించింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు పెట్టుకునే అడుగుల లెక్క యంత్రాన్ని అమ్ముతూ దానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరు పెట్టింది. అది అక్కడి నుంచి లోకమంతా పాకి, చివరికి నా మణికట్టు మీదికి వచ్చింది. మొదటి వారం రోజులు నా సగటు 2,300. రోజూ రాత్రి తొమ్మిదికి ఒక ఎర్రటి సున్నాలో పావు వంతు మాత్రం నిండి, "లక్ష్యం చేరలేదు" అని కనబడేది. గంటకోసారి "లేచి కదలండి" అన్నట్టు చేతిని గుర్రుమనిపించేది, మధ్యాహ్నం రెండున్నర ఎండలో కూడా. ఎనిమిదో రోజున ఆ గుర్రు ఆపేసి, లక్ష్యాన్ని 2,500కు దించాను. ఇప్పుడు 3,200 మీద ఉంది. కొన్నవారు మొదట చేయవలసిన పని ఇదేనని నా అభిప్రాయం. ఒక నెల మీ సగటు ఎంతో చూసి, దాని మీద పదో వంతు కంటే ఎక్కువ పెంచకుండా లక్ష్యం పెట్టుకోండి.

ఎండ ఊసెత్తాను గనుక దాన్ని కాస్త వివరించాలి, ఎందుకంటే మన ఉత్తరాంధ్ర వేసవిలో ఎం.ఎస్. ఉన్నవారికి నడక దగ్గర వచ్చే పెద్ద పేచీ ఇదే. ఒళ్లు వేడెక్కితే మైలిన్ దెబ్బతిన్న నరాల్లో సందేశాలు ఇంకా మందగిస్తాయి. చూపు మసకవుతుంది, కాళ్లు బరువెక్కుతాయి, చల్లబడితే మళ్లీ మామూలవుతుంది. 1890లో జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ శ్రమ తర్వాత రోగుల చూపు తగ్గడం గమనించి రాశాడు కనుక దానికి ఆయన పేరే ఉండిపోయింది. ఒక కాలంలో జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి రోగిని వేడి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవారు కూడా. దీనివల్లే చాలా దశాబ్దాల పాటు ఎం.ఎస్. ఉన్నవారిని కదలవద్దనీ, శక్తి దాచుకోమనీ చెప్పారు. 1996లో అమెరికాలోని యూటాలో 15 వారాల వ్యాయామ ప్రయోగం జరిగి, వ్యాయామం చేసినవారి దారుఢ్యమూ జీవన నాణ్యతా మెరుగుపడ్డాయని తేలిన తర్వాత ఆ సలహా క్రమంగా తిరగబడింది. ఇప్పుడు కెనడా మార్గదర్శకాలు వారానికి రెండుసార్లు అరగంట చొప్పున మధ్యస్థంగా చెమట పట్టే శ్రమ, మరో రెండుసార్లు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమంటాయి. అమెరికాలోని నేషనల్ ఎం.ఎస్. సొసైటీ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నిమిషాల మాట ఉంది, అదీ ఎవరి ఓపికను బట్టి వారు మెల్లగా చేరుకోవలసినదిగా. వీటిలో ప్రధానంగా చెప్పింది నిమిషాల లెక్కే, అడుగులది కాదు. నిమిషాల లెక్కలో బ్యాండు తప్పు పోదు, దానికి గడియారం ఉంటే చాలు.

నేను తెల్లవారు 5:15కు అయ్యకోనేరు గట్టు మీద నడుస్తాను. బయలుదేరే ముందు తడి తువ్వాలు మెడ వెనక వేసుకుంటాను, చల్లటి మజ్జిగ సగం గ్లాసు తాగుతాను. ఒంటి వేడి పెరగడం కాస్త ఆలస్యమవుతుంది. మే నెలలో 12 నిమిషాలకు కుడి కంట్లో పొగ కమ్మేది, నవంబరులో ఇప్పుడు 25 నిమిషాల దాకా రావడం లేదు. గట్టు మీద పాలబ్బాయి ఒకడు రోజూ నా చేతికేసి చూసి, ఒకనాడు ఆగి అడిగాడు: "ఏటమ్మా అది, కాలు నొప్పికి సేతికి కడతారేటి?" అడగవలసిన ప్రశ్నే.

ఇక నిద్ర. కొన్న మర్నాడు పొద్దున ఫోను తెరిస్తే "7 గంటల 40 నిమిషాలు" అని ఉంది. మా అత్తగారు గెలిచారు. నాకైతే ఆ రాత్రి ఒంటిగంట నుంచి రెండున్నర దాకా కళ్లు మూసుకుని, స్టేషను వైపు నుంచి హౌరా లైను మీద పోయే గూడ్సు బండ్ల చప్పుడు వింటూ పడుకున్న సంగతి స్పష్టంగా గుర్తుంది. కదలకుండా పడుకున్న మనిషి నిద్రపోతున్నట్టే దానికి లెక్క. ఆసుపత్రుల్లో చేసే అసలైన నిద్ర పరీక్ష పాలీసోమ్నోగ్రఫీలో తలకు తీగలు తగిలించి మెదడు తరంగాలు, కంటి కదలికలు, గడ్డం కింది కండరం, ఊపిరి, రక్తంలో ప్రాణవాయువు అన్నీ కలిపి చూస్తారు. చేతి కదలికను బట్టి నిద్ర కొలిచే పద్ధతి నిద్రను నిద్రగా బాగానే పట్టుకుంటుంది, మెలకువను మెలకువగా పట్టుకోవడంలోనే తప్పుతుంది. మా వంటివారికి కాలు బరువుగా ఉండి పక్కకు ఒత్తిగిలడమే ఒక పని కనుక, మెలకువగా ఉండి కూడా కదలం. అందుచేత ఈ తప్పు మా దగ్గర ఇంకా పెద్దది. గాఢ నిద్ర ఇంత, కలల నిద్ర ఇంత అని రంగురంగుల గీతలు చూపిస్తుంది కానీ, మెదడును చూడకుండా చెప్పే ఆ విభజనను నేను రెండో వారం నుంచి చూడటం మానేశాను.

అయినా ఈ బ్యాండు కొన్నందుకు ఫలితం నిద్ర దగ్గరే దక్కింది. ఫోను తెర మీద రాత్రంతా ఒక నీలం పట్టీలా కనబడుతుంది. అందులో మంచం దిగి నడిచినప్పుడల్లా సన్నటి తెల్ల గీత నిలువుగా లేస్తుంది. కదలని మెలకువను అది పట్టలేకపోయినా లేచి నడవడాన్ని వదిలిపెట్టదు. మొదటి నెల పొడుగునా ఆ గీతలు చూస్తే, ఇంచుమించు ప్రతి రాత్రీ 12:40కి ఒకటి, 2:30 ప్రాంతంలో ఒకటి, 4:10కి ఒకటి. మూడూ బాత్రూముకే. రాత్రి లేస్తున్నానని నాకు తెలుసు, కానీ ఒకసారో, మహా అయితే రెండుసార్లో అనుకున్నాను. నిద్రమత్తులో లేచిన మనిషికి లెక్క గుర్తుండదు. నెల రోజుల తెరలు కాగితం మీద అచ్చు తీయించి జూన్‌లో డాక్టరు గారి ముందు పెట్టాను. తొమ్మిదేళ్లలో ఆయన నా నిద్ర గురించి పది నిమిషాలు మాట్లాడింది ఆ రోజే. ఆయనను తప్పుపట్టడం లేదు, నేనెప్పుడూ చెప్పలేదు.

వెన్నుపాములో మైలిన్ దెబ్బతిన్న మచ్చలున్నప్పుడు మూత్రాశయానికీ మెదడుకీ మధ్య కబురు తప్పుతుంది. సగం నిండకుండానే నిండినట్టు, లేదా పూర్తిగా ఖాళీ కాకుండానే అయినట్టు అనిపిస్తుంది. మందు ఇచ్చేముందు, మూత్రానికి వెళ్లి వచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూశారు. మిగులు ఎక్కువగా ఉన్నవారికి మూత్రాశయాన్ని నిదానింపజేసే మందు ఇస్తే చెడు జరుగుతుందట. నాకు ఎక్కువ లేదు కనుక ఆ మందు రాశారు. అంతకంటే ముఖ్యంగా నా నీళ్ల అలవాటును కనిపెట్టారు. కాలేజీలో బాత్రూముకు మేడ దిగి వెళ్లాలి గనుక పగలంతా నీళ్లు తాగకుండా ఉండి, ఇంటికి వచ్చాక సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది లోపల ఒక చెంబూ, రెండు టీలూ పట్టించేదాన్ని. ఇప్పుడు నీళ్లలో ఎక్కువ భాగం సాయంత్రం నాలుగు లోపలే, ఆరు దాటాక టీ లేదు, పడుకునే ముందు పావుగంట తేడాతో రెండుసార్లు బాత్రూముకు. ఆగస్టు నాటికి మూడు తెల్ల గీతలు ఒకటయ్యాయి, కొన్ని రాత్రులు అదీ లేదు. అడుగుల సగటు 2,300 నుంచి 3,100కు వచ్చింది. ఎండలు తగ్గడం కూడా ఇందులో ఉంది కాబట్టి మొత్తం పుణ్యం నిద్రకే ఇవ్వను. ఏమైతేనేం, మా అత్తగారికి ఆ పాత కాగితం చూపించి, "ఇదిగో అత్తయ్యా, నా నీరసం" అన్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని గీతలు లెక్కపెట్టి, "మూడుసార్లా! మరి నన్ను లేపవేటమ్మా, సీకట్లో పడిపోతే?" అన్నారు. అప్పటి నుంచి వరండాలో ఒక చిన్న లైటు రాత్రంతా వెలుగుతుంది.

ఎం.ఎస్. ఉన్నవారిలో సుమారు సగం మందికి ఏదో ఒక నిద్ర బాధ ఉంటుంది. మూత్రం ఒక్కటే కారణం కాదు. పిక్కలు కొంకర్లు పోవడం, నొప్పి, దిగులు, నిద్రలో ఊపిరి ఆగడం, సాయంత్రమయ్యేసరికి కాళ్లు ఆడించకుండా ఉండలేకపోవడం, ఇవన్నీ ఉంటాయి. ఆ చివరిదానిలో ఒంట్లో ఇనుము నిల్వ తక్కువేమోనని ఫెరిటిన్ పరీక్ష చేయిస్తారు. వీటిలో ఏది ఏదో బ్యాండు చెప్పలేదు, దాన్ని చెప్పమనడం అన్యాయం కూడా. జబ్బు తిరగబెట్టినప్పుడు మూడు నుంచి అయిదు రోజులు సెలైన్లో ఎక్కించే స్టెరాయిడు నిద్రను ఎలా మింగేస్తుందో మాత్రం జులైలో చక్కగా చూపింది: వరసగా మూడు రాత్రులు 2 గంటల 50 నిమిషాలు, 3:10, 2:40.

బ్యాండు చేసిన చెడు కూడా ఒకటుంది. రోజూ పొద్దున నూటికి ఇంతని నిద్రకు మార్కులు వేస్తుంది. పిల్లలకు మార్కులు వేసే ఉద్యోగంలో ఉన్నదాన్ని కనుక మొదట సరదాగానే ఉండేది. కొన్నాళ్లకు 58 వచ్చిన రోజున, లేవగానే బాగానే ఉన్నా, ఆ అంకె చూశాక నీరసం మొదలయ్యేది. 85 వచ్చిన రోజున ఓపిక లేకపోయినా ఉన్నట్టు బయలుదేరి, మధ్యాహ్నానికి చతికిలబడేదాన్ని. ఇలా యంత్రపు అంకె కోసం బెంగపడి నిద్ర చెడగొట్టుకోవడానికి 2017లో అమెరికన్ పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ మార్కులను మొదటి తెర మీది నుంచి తీసేశాను. వారానికి ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం, ఏడు రాత్రుల గీతలూ ఏడు పగళ్ల అడుగులూ పక్కపక్కన పెన్సిలుతో రాసుకుంటాను. రోజువారీ అంకె కంటే ఆ రెండు వరసలే ఎక్కువ చెబుతాయి.

అవి చెప్పినదాంట్లో నన్ను ఆశ్చర్యపరచింది ఒకటి. నిద్ర చెడితే మర్నాడు నడక తగ్గుతుందని అనుకున్నాను. అది ప్రతిసారీ జరగలేదు, పని ఉంటే ఎలాగో నడిచేశాను. ఖచ్చితంగా జరిగింది దాని తిరగేసిన వరస. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఇంటి నిండా చుట్టాలు, వంటలు. పైగా మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా, పూజారి కూర్చున్న పొడవాటి సిరిమాను మూడుసార్లు తిరిగేది చూడాలని నేనూ వెళ్లాను. ఆ రోజు 7,400 అడుగులు, నా రికార్డు. ఆ రాత్రి పిక్కలు పట్టేసి అయిదు తెల్ల గీతలు. బుధవారం చుట్టాలను సాగనంపుతూ 2,600 నడిచి, ఏమీ కాలేదే అనుకున్నాను. గురువారం 900, శుక్రవారం 1,200. గురువారం కాలేజీకి సెలవు చీటీ. ఇలాంటివే రెండు పెళ్లిళ్లప్పుడూ, ఒక పరీక్షల డ్యూటీ అప్పుడూ జరిగాయి. మితిమీరిన నడక ఆ రాత్రి నిద్రను తెంపుతుంది, దెబ్బ మర్నాడు కాక మూడో రోజున తగులుతుంది. మధ్యలో ఒక రోజు ఎడం ఉండటం వల్లే నేను ఇన్నేళ్లూ ఆ రెంటికీ ముడిపెట్టలేకపోయాను. ఇది నా ఒక్కదాని లెక్క, మరొకరికి మరోలా ఉండవచ్చు. ఇప్పుడు మాత్రం శుభలేఖ వస్తే పెళ్లి రోజుకు కాక మూడో రోజుకు సెలవు పెట్టుకుంటున్నాను.

వాడకంలో ఇబ్బందులు చాలా ఉన్నాయి, అవన్నీ ఇంజనీర్లకు తోచని రకం. పట్టీ కొస చిన్న మేకును చిన్న కన్నంలోకి నొక్కాలి. వేళ్ల చివర్లు మొద్దుబారిన మనిషికి అది సూదిలో దారం ఎక్కించడం లాంటిది. అలారం మోగకుండా చేతిని వణికించి లేపుతుంది. కుడి మణికట్టుకు పెట్టుకుంటే నాకు తెలియనే తెలియదు, ఎడమకు పెట్టుకుంటే అది వణికిందో, నా తిమ్మిరే వచ్చిందో తేల్చుకోలేక రెండు మూడుసార్లు ఊరికే లేచాను. ఫోనులోని యాప్‌లో బూడిద రంగు తెర మీద లేత బూడిద అక్షరాలు. ఒకసారి కంటి నరం వాచినవారికి రంగుల తేడా సరిగా తెలియదు, మా అమ్మాయి చదివి పెట్టాలి. హిందీ ఉంది, తెలుగు లేదు. బ్యాటరీ 14 రోజులని పెట్టె మీద రాశారు, నాకు తొమ్మిది రోజులు వస్తోంది; రాత్రంతా నాడి లెక్క నడుస్తుంది కనుక ఇది సబబే అనుకుంటాను. మన చెమటకు పట్టీ కింద చర్మం ఎర్రబడింది. పగలు ఎడమ చేతికీ రాత్రి కుడి చేతికీ మార్చుకుంటే తగ్గింది.

నాలుగో నెలలో పట్టీ తెగింది. ఏడాది వారంటీ ఉంది గదా అని దుకాణానికి వెళితే కంపెనీకి ఫోను చేయమన్నారు, కంపెనీ వారు విశాఖపట్నంలోని సర్వీసు సెంటరుకు మనిషిని రమ్మన్నారు, అక్కడికి మావారు వెళితే పట్టీ వారంటీలోకి రాదన్నారు. రానుపోను ఛార్జీలతో రెండు పట్టీలు వచ్చేవి. నడవలేనివారి చేతికి నడక లెక్కపెట్టే వస్తువు అమ్మి, దాని బాగుకోసం 60 కిలోమీటర్లు రమ్మనడం ఏ పద్ధతో వారికే తెలియాలి.

ధరకు తగిన వస్తువేనా అంటే, ఎం.ఎస్. ఉండి, రాత్రి లేస్తూ, తన రోజును డాక్టరుకు మాటల్లో చెప్పలేకపోతున్నవారికి తగినదే అంటాను. ఒక నెల వాడి అచ్చు తీయించిన ఆ కాగితమే నా 2,300 రూపాయలు తిరిగి ఇచ్చింది. కర్రతో నడిచేవారు చీలమండ పరీక్ష మానవద్దు. అంకె చూస్తే బెంగపడే స్వభావం ఉన్నవారు, దిగులుతో ఉన్నవారు కొనవద్దు. వారికి రాత్రి లేచినప్పుడల్లా గోడ మీద క్యాలెండరులో ఒక గీత గీయడం సరిపోతుంది, నెల తర్వాత అది కూడా దాదాపు అంతే చెబుతుంది. పరుగెత్తేవారి కోసం పెట్టిన ఆక్సిజన్, ఒత్తిడి, వాతావరణం వంటి హంగుల జోలికి నేను పోలేదు.

తెగిన పట్టీని చివరికి గంటస్తంభం దగ్గర గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. భూతద్దం కన్నుకు బిగించుకుని అటూ ఇటూ తిప్పి చూసి, రబ్బరు పీకేసి, అంటుకునే బట్ట పట్టీ ఒకటి వేసి 120 రూపాయలు తీసుకున్నారు. మేకు బాధ పోయింది, ఇప్పుడు ఒంటి చేత్తో పెట్టుకుంటున్నాను. చేతికిస్తూ ఆయన అడిగారు: "ఇది టైము కూడా సూపిత్తాదేటమ్మా?"